బ్యాంకాక్, సియెం రీప్, హనోయ్: మూడు దేశాల దారికి పైసలు ఎట్ల సర్దుకోవాలె

నేను బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయిన మనిషిని. హనుమకొండలో మా గల్లీ వాళ్ళు ఎవరు విదేశం పోతున్నా ముందుగా వచ్చి అడిగేది ఇదే: "అక్కా, ఇయ్యాల డాలర్ రేటెంత?" టీవీలో చూపించే రేటుకు మనకు నోట్లు ఎవరూ ఇవ్వరు. కౌంటర్లో అడగాల్సిన మాట వేరే ఉంది: "నాకు 1000 డాలర్ల నోట్లు కావాలె. జీఎస్టీ, చార్జీలు అన్నీ కలిపి మొత్తం ఎంత కట్టాలె?" రెండు మూడు చోట్ల ఇదే అడిగి మొత్తాలు పక్కపక్కన రాసుకోండి. రేటు తక్కువ చెప్పినవాళ్ళ మొత్తమే ఒక్కోసారి ఎక్కువ తేలుతుంది.

ఈ మధ్య మావైపు నుంచి థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం కలిపి చుట్టివచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. రామప్ప గుడి చూసి పెరిగినవాళ్ళకు కంబోడియాలో సియెం రీప్ దగ్గరున్న ఆంగ్‌కోర్ వాట్ గుడి మీద మనసు పోవడం సహజమే కదా. అందుకే ఆ దారినే తీసుకుని చెప్తాను.

ముందు ఒక లెక్క. కౌంటర్లో డాలర్ మీకు 90కి అమ్మి, మీ దగ్గర 87కి కొంటారనుకోండి. 1000 డాలర్లు కొని, ఒక్కటీ ఖర్చు పెట్టకుండా తెచ్చి అమ్మినా 3000 రూపాయలు పోతాయి. మార్చిన ప్రతిసారీ ఇట్లనే కొంత రాలుతుంది. రూపాయిని డాలర్ చేసి, దాన్ని థాయ్‌లాండ్ బాత్ చేసి, మిగిలిన బాత్‌ను వియత్నాం దొంగ్ చేస్తే మూడుచోట్ల రాలినట్టు. అందుకని మార్పిళ్ళు తగ్గించుకోవాలి. నా మాట అడిగితే నగదులో ముఖ్యభాగం డాలర్లలో తీసుకోండి. బ్యాంకాక్‌లో దిగగానే టాక్సీకి, టిఫిన్‌కి సరిపడా బాత్ మాత్రం ఇక్కడే కొనుక్కోండి. మన కౌంటర్లలో బాత్‌కు కొనే, అమ్మే ధరల మధ్య తేడా డాలర్‌కంటే ఎక్కువ ఉంటుంది. మన ఎయిర్‌పోర్టులో చూసుకుందాంలే అనుకోవద్దు, అక్కడి రేట్లు ఇంకా ఘోరం.

రూల్స్ చాలా ఉన్నాయి, మీకు అవసరమైనవి ఇవి. ఈ దేశాలకు మనిషికి ఒక ప్రయాణానికి 3000 డాలర్ల వరకే నోట్లు ఇస్తారు, ఆపైన కావాలంటే కార్డులో. రూపాయల్లో నగదు ఇచ్చి కొనేది 50,000 లోపే, మిగతాది ఖాతా నుంచి పంపాలి. మన రూపాయలు 25,000 వరకు వెంట తీసుకెళ్ళొచ్చు. పాస్‌పోర్టు, పాన్ కార్డు, టికెట్టు దగ్గర పెట్టుకోండి. మీరు కొనే విదేశీ కరెన్సీ ఏడాదిలో 10 లక్షలు దాటితే తప్ప టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను) గొడవ లేదు.

కరీంనగర్, జగిత్యాల వైపు ప్రతి ఇంటికీ ఒక గల్ఫ్ చుట్టం ఉంటాడు. "మా బావ దగ్గర డాలర్లున్నయ్, కౌంటర్‌కంటే తక్కువకిస్తడు" అంటారు. వద్దు. ఆర్‌బీఐ లైసెన్సు ఉన్నవాళ్ళ దగ్గరే కొని రసీదు తీసుకోండి. చట్టం ఒక సంగతి, నోటు దొంగదైతే బావను ఏమంటారు?

ఇక నోట్ల సంగతి. నా ఉద్యోగమంతా నోట్లు చూడడంలోనే గడిచింది కాబట్టి దీనికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, ఓపిక పట్టండి. కౌంటర్లో ఇచ్చిన డాలర్లను అక్కడే ఒక్కొక్కటి వెలుతురులో పట్టి చూడండి. అంచున చిన్న చిరుగు, మధ్యలో పెన్ను గీత, ఏదో ఆఫీసు ముద్ర, వీటిలో ఏది కనిపించినా "ఇది మార్చి ఇవ్వండి" అనండి, మొహమాటపడొద్దు. కంబోడియాలో అంచు చిరిగిన డాలర్‌ను కొబ్బరిబోండాలవాడు కూడా తీసుకోడు. నోట్లను మడిచి పర్సులో కుక్కకుండా కవర్లో చాపి పెట్టండి. బ్యాంకాక్‌లో చాలా కౌంటర్ల బోర్డు మీద 100 డాలర్ల నోటుకు ఒక రేటు, చిన్న నోట్లకు తక్కువ రేటు రాసి ఉంటుంది. కాబట్టి మార్చుకోవడానికి 100లు, కంబోడియా ఖర్చుకు 1, 5, 10, 20లు విడివిడిగా అడగండి. మార్చేచోట పాస్‌పోర్టు అడుగుతారు.

కంబోడియాలో డాలర్, రియల్ రెండూ నడుస్తాయి. ఆంగ్‌కోర్ ఒకరోజు టికెట్టు ధర కూడా 37 డాలర్లని డాలర్లలోనే ఉంటుంది. సుమారు 4000 రియల్ ఒక డాలర్. అమెరికా నాణేలు అక్కడ నడవవు, అందుకని చిల్లర రియల్‌లో ఇస్తారు. మూడున్నర డాలర్ల భోజనానికి 5 డాలర్లిస్తే ఒక డాలర్ నోటు, 2000 రియల్ వెనక్కి వస్తాయి. ఆ డాలర్‌కు చిరుగుంటే మీరూ వాపసు ఇచ్చేయండి. రియల్ కోసం విడిగా మార్చుకునే పనే లేదు.

వియత్నాంలో తలనొప్పి సున్నాలతో. మెనూలో 50కె అని ఉంటే 50,000 దొంగ్. మూడు సున్నాలు కొట్టేసి మూడున్నరతో గుణించండి, దగ్గర దగ్గర మన రూపాయలు వస్తాయి. జాగ్రత్తపడాల్సింది రంగులతో. 20,000 నోటూ నీలమే, 500,000 నోటూ నీలమే, రెండూ ప్లాస్టిక్ నోట్లే. సాయంత్రం బండి దిగి తొందరలో తీస్తే 70 రూపాయల చోట 1700 పైన పోతాయి. 500,000లను వేరే అరలో పెట్టండి, ఇచ్చేటప్పుడు సున్నాలు లెక్కపెట్టండి. దొంగ్ ఆ దేశం దాటాక పెద్దగా పనికిరాదు, కొద్దికొద్దిగానే మార్చుకోండి.

కార్డులు రెండు, వేర్వేరు బ్యాంకులవి ఉండాలి. ఒకటి పర్సులో, ఒకటి హోటల్ లాకర్లో. మన కార్డుల్లో విదేశీ వాడకం మామూలుగా ఆపి ఉంటుంది, కాజీపేటలో రైలెక్కేలోపే బ్యాంకు యాప్‌లో ఆన్ చేయండి. మన సిమ్‌కు రోమింగ్ కూడా, లేకపోతే ఓటీపీ రాదు. చాలా కార్డుల మీద విదేశీ ఖర్చుకు 3.5 శాతం చార్జీ, దానిపై 18 శాతం జీఎస్టీ పడతాయి. అంటే 10,000 రూపాయల కొనుగోలుకు 413 రూపాయలు అదనం. ఈ చార్జీ లేని కార్డులూ ఉన్నాయి, అడిగి తెలుసుకోండి. పలు దేశాల పైసలు ముందే నింపుకునే మల్టీకరెన్సీ ఫారెక్స్ కార్డులో బాత్ దొరకొచ్చు, దొంగ్, రియల్ మామూలుగా ఉండవు. హోటల్ అడ్వాన్సుకు మాత్రం క్రెడిట్ కార్డే ఇవ్వండి. ఫారెక్స్ కార్డు ఇస్తే వాళ్ళు ఆపి ఉంచిన మొత్తం తిరిగి రావడానికి రోజులు పడుతుంది, ఈలోపు ఆ పైసలు మీకు అందవు.

షాపులో, ఏటీఎంలో మెషిన్ ఒక ప్రశ్న అడుగుతుంది: రూపాయల్లో కట్టాలా, స్థానిక కరెన్సీలోనా? రూపాయలు చూడగానే మన ప్రాణం లేచొస్తుంది. అది నొక్కొద్దు. ఆ మార్పిడి రేటు అవతలివాళ్ళు పెట్టుకున్నది, మన బ్యాంకు రేటుకంటే సాధారణంగా అధ్వాన్నం. థాయ్‌లాండ్‌లో బాత్, వియత్నాంలో దొంగ్, ఎప్పుడూ అక్కడి కరెన్సీయే. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డుకు ఒక్కో డ్రాకు 220 బాత్‌లో, అంతకు పైనో తీసుకుంటాయి. 1000 బాత్ తీస్తే ఐదో వంతు పోయినట్టే, కాబట్టి తీసేదేదో ఒకేసారి తీయండి.

ఇక్కడ కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్ చూపించి అలవాటైంది మనకు. యూపీఐ సింగపూర్, దుబాయిల్లో కొన్నిచోట్ల నడుస్తున్నా, ఈ మూడు దేశాలకు మాత్రం దాన్ని నమ్ముకుని బయల్దేరొద్దు.

వాపసు వచ్చాక 2000 డాలర్ల వరకు ఇంట్లో ఉంచుకోవచ్చు. అంతకు మించినవి 180 రోజుల్లో కౌంటర్లో అమ్మేయాలి, కొన్నప్పటి రసీదు తీసుకెళ్ళండి. మళ్ళీ ఏడాది పోయేదుంటే ఆ 2000 లోపు డాలర్లను అమ్మకుండా ఉంచుకోవడమే లాభం. బాత్ నాణేలను ఇక్కడ ఏ కౌంటరూ తీసుకోదు. థాయ్‌లాండ్‌లో చివరిరోజు ఎయిర్‌పోర్టులో ఏ నీళ్ళ సీసాకో, పిల్లల బిస్కెట్లకో ఇచ్చేయండి.