దిక్కులేని బ్యాగు కనిపిస్తే

టైం బాంబు అనగానే టిక్కుటిక్కుమనే చప్పుడు, తగ్గిపోతున్న ఎర్ర అంకెలు గుర్తొస్తాయి. ముందు ఆ బొమ్మను బుర్రలోంచి తీసేయండి. బాంబులోని గడియారం దాన్ని పెట్టినవాడి మాట కూడా వినదు. 1875 డిసెంబరు 11న జర్మనీలోని బ్రెమర్‌హాఫెన్ రేవులో జరిగింది అదే. బీమా సొమ్ము కోసం ఓడను నడిసముద్రంలో ముంచాలని ఒకడు గడియారం బిగించి పంపిన పీపా రేవులోనే పేలి, సుమారు 80 మంది చనిపోయారు. 1884 ఫిబ్రవరిలో లండన్ విక్టోరియా స్టేషన్ సామాన్ల గదిలో బాంబు పేలింది. ఆ రోజుల్లోనే మరో మూడు స్టేషన్లలో పెట్టినవి మాత్రం పేలకుండానే దొరికాయి. అందుకే 'ఇంకా ఇరవై నిమిషాలుంది కదా' అన్న లెక్క ఎంత ప్రమాదమో, 'చెప్పిన టైము దాటిపోయింది, ఇక లోపలికి వెళ్దాం' అన్నదీ అంతే ప్రమాదం.

వదిలేసిన సంచుల్లో చాలా భాగం ఎవరో మరిచిపోయినవే. బెంబేలెత్తే ముందు మూడు విషయాలు చూడండి. కావాలని దాచినట్టుందా? తీగలు, టేపు, బ్యాటరీల్లాంటివి బయటికి కనిపిస్తున్నాయా? ఆ చోట మామూలుగా ఉండే వస్తువేనా? 'ఇది ఎవరిది' అని చుట్టుపక్కల గట్టిగా అడగండి, సీసీ కెమెరా ఉంటే చూడమనండి. ఇదంతా కళ్లతోనే చేయాలి. ముట్టుకోవద్దు, కదపొద్దు, నీళ్లు పోయొద్దు. 1940 జులై 4న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బ్రిటిష్ పెవిలియన్‌లో దొరికిన సంచిని బయటికి మోసుకెళ్లి పరీక్షిస్తుండగా అది పేలి, బాంబు విభాగం డిటెక్టివ్‌లు ఇద్దరు చనిపోయారు. అదే పనిలో ఉన్నవాళ్లకే ఆ గతి పట్టింది.

అనుమానం తీరకపోతే దూరం జరగండి. బ్రిటన్ పోలీసులు చెప్పే కొలతలు గుర్తుంచుకోవడం తేలిక: చేతిసంచి లాంటి చిన్న వస్తువుకు కనీసం 100 మీటర్లు, సూట్‌కేసుకో కారుకో 200, లారీ లాంటి పెద్ద బండికి 400. వస్తువుకు 15 మీటర్ల లోపల ఫోన్, వాకీటాకీ వాడొద్దు.

దూరం ఒక్కటే చాలదు, అద్దాల పక్కన నిలబడితే ఫలితం ఉండదు. 1996 జూన్ 15న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో బాంబు హెచ్చరిక అందాక సుమారు 75,000 మందిని ఖాళీ చేయించారు. బాంబు పేలినా ఒక్కరూ చనిపోలేదు, కానీ 200 మందికి పైగా గాయపడ్డారు. పగిలిన గాజు అంత దూరం ఎగిరొచ్చింది. వస్తువు మీ కంటికి కనిపిస్తోందంటే దాని ముక్కలు మీదాకా వస్తాయనే అనుకుని గట్టి గోడ చాటుకు వెళ్లండి. నిప్పంటుకున్నప్పుడు మోగించే గంట మాత్రం కొట్టొద్దు. జనం అలవాటుగా అగ్నిప్రమాదానికి కేటాయించిన చోటికే పోతారు, బాంబు ఆ దారిలోనే ఉండొచ్చు. జనాన్ని నిలబెట్టే చోటును కూడా ముందు ఒకసారి వెతకాలి.

బెదిరింపు ఫోన్‌లో వస్తే పెట్టేయకండి, మాట్లాడించండి. ఎక్కడుంది, ఎప్పుడు పేలుతుంది, చూడ్డానికి ఎలా ఉంటుంది, ఎందుకు పెట్టారు అని అడగండి. జవాబులు విన్నది విన్నట్టు రాయండి, మీ మాటల్లోకి మార్చొద్దు. గొంతు, యాస, వెనక వినిపించే చప్పుళ్లు, ఫోన్ వచ్చిన సమయం కూడా రాయండి. పక్కవాళ్లకు సైగ చేసి వేరే ఫోన్ నుంచి పోలీసులకు చెప్పించండి. చోటు విషయంలో చిన్న తేడా ఎంత పని చేస్తుందో 1998 ఆగస్టు 15న ఉత్తర ఐర్లండ్‌లోని ఓమాలో తెలిసింది. హెచ్చరికల్లో బాంబున్న చోటు సరిగా లేక, జనాన్ని తప్పించబోయి దాని వైపుకే పంపారు. 29 మంది చనిపోయారు.

ఫోన్లు చాలావరకు ఆకతాయివే అని కొట్టిపారేయాలనిపిస్తుంది. ఆ నిర్ణయం మాత్రం పోలీసులకే వదిలేయండి.

వస్తువును మొదట చూసినవాళ్లు ఇంటికి వెళ్లిపోకూడదు. పోలీసుల అడ్డుగీత బయటే ఉండి, అది ఏ తలుపుకు ఎన్ని అడుగుల్లో ఉంది, ఎంత పెద్దది, ఎవరైనా కదిపారా అన్నది కాగితం మీద బొమ్మ గీసి బాంబు స్క్వాడ్‌కు ఇవ్వాలి.