శ్రీకాకుళం జిల్లాలో కంప్యూటర్ ఆపరేటర్ అవ్వాలంటే: ఏం నేర్చుకోవాలి, జీతం ఎంత, ఎక్కడ వెతకాలి

"పీజీడీసీఏ అయిపోనాది అక్కా, ఇంక ఉద్యోగం ఎప్పుడొస్తాది?" అని అడుగుతూ మా ఆఫీసు మెట్లెక్కే పిల్లలు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. పీజీడీసీఏ అంటే డిగ్రీ అయ్యాక చేసే కంప్యూటర్ డిప్లొమా. ఎచ్చెర్ల, పొందూరు నుంచే కాదు, అటు టెక్కలి దాటి పలాస నుంచి కూడా వస్తారు. వాళ్ళ సర్టిఫికెట్ చూసే ముందు ఒక కాగితం చేతిలో పెడతాను. దాని మీద ఇరవై మంది రైతుల పేర్లు, సర్వే నంబర్లు, ఆధార్, బ్యాంకు ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడ్) ఉంటాయి. ఎక్సెల్‌లో కొట్టమంటాను. ఎంతసేపట్లో కొట్టారన్నది నాకు అక్కర్లేదు, ఎన్ని తప్పులొచ్చాయో చూస్తాను. చాలామంది సర్వే నంబరు దగ్గరే ఆగిపోతారు.

12/3 అని కొట్టి ఎంటర్ నొక్కగానే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని మార్చేస్తుంది. తర్వాత వెనక్కి తెద్దామన్నా అసలు నంబరు రాదు, ఏదో పెద్ద అంకె వస్తుంది. ఖాతా నంబరు ముందున్న సున్నాలను తినేస్తుంది. అంకెలు 15 దాటితే 16వ అంకె నుంచి అన్నీ సున్నాలు చేసేస్తుంది. వీటన్నిటికీ మందు ఒక్కటే: కొట్టడం మొదలుపెట్టకముందే ఆ కాలమ్‌లు సెలెక్ట్ చేసి, ఫార్మాట్ సెల్స్‌లో టెక్స్ట్ అని పెట్టాలి. ఐఎఫ్‌ఎస్‌సీలో 11 అక్షరాలుంటాయి, ఐదోది ఎప్పుడూ సున్నాయే. అక్కడ ఇంగ్లీషు ‘ఓ’ కొడితే డబ్బు వెళ్ళదు. 2025 మే 1 నుంచి రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. అందుకని మన జిల్లాలో గ్రామీణ బ్యాంకు ఖాతా కనిపిస్తే పాత పాసుపుస్తకం చూసి కోడ్ కొట్టకండి, ఇప్పటి కోడ్ అడిగి సరిచూసుకోండి. ధాన్యం అమ్ముకున్న రైతు డబ్బు కోసం బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాడంటే, చాలాసార్లు ఎక్కడో ఒక ఆపరేటరు ఒక్క అక్షరం తప్పు కొట్టి ఉంటాడు.

ఈ పని నేర్చుకునేటప్పుడు ఎక్కువ సమయం ఇక్కడే పెట్టమని నా మాట. ఆధార్ కాలమ్‌కు డేటా వాలిడేషన్‌తో 12 అంకెల హద్దు పెట్టండి. ఒకే నంబరు రెండుసార్లు వస్తే రంగు మారేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి. రెండు జాబితాలు పోల్చాల్సి వస్తే పేరుతో పోల్చకండి. మన ఊళ్ళలో ఒకే ఇంటిపేరుతో నలుగురు అప్పలనాయుళ్ళు ఉంటారు. ఆధార్ నంబరుతో వీలుకప్ (VLOOKUP, ఒక జాబితాలోని వివరాలు వెతికి ఇంకోదాంట్లోకి తెచ్చే ఎక్సెల్ సూత్రం) కొట్టండి, చివర్లో ఫాల్స్ పెట్టడం మరవకండి. అది లేకపోతే దగ్గరగా ఉన్న వేరే మనిషి వివరాలు తెచ్చి పెడుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. ఒక జాబితాలో ఆధార్ టెక్స్ట్‌గా, రెండోదాంట్లో నంబరుగా ఉంటే రెండూ కలవవు. ముందు రెండూ ఒకే తీరులోకి తెచ్చుకోవాలి. పివట్ టేబుల్ (పెద్ద జాబితాను కూడి చూపే ఎక్సెల్ పట్టిక) వస్తే మండలాల వారీ లెక్క అడిగినప్పుడు నిమిషంలో ఇచ్చేయొచ్చు. ఆఫీసులో సూపరింటెండెంటు గారు మిమ్మల్ని పేరు పెట్టి పిలవడం ఆ రోజు నుంచే మొదలవుతుంది.

ఆసుపత్రుల్లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బు సంగతి మనందరికీ తెలిసిందే. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అలాంటి చోట రిపోర్టులు ఎక్కించేవాళ్ళు క్రియాటినిన్ 1.4 అని కొట్టాల్సిన చోట చుక్క వదిలేస్తే 14 అవుతుంది. ఆ మనిషి ఇంట్లోవాళ్ళ గుండె ఎంత కొట్టుకుంటుందో ఒక్కసారి ఊహించుకోండి. వరస అయిపోగానే కాగితం మీద వేలు పెట్టి, అంకె అంకె పైకి చదువుతూ సరిచూడటం ఈ ఉద్యోగంలో అసలు పని.

తెలుగు టైపింగ్

ఇక్కడ పిల్లలు ఎక్కువమంది ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం అలవాటై వస్తారు. ఆఫీసులో అది చాలదు. డీటీపీ (అచ్చుకు కంప్యూటర్లో పేజీలు తయారుచేసే) సెంటర్లో, ప్రింటింగ్ ప్రెస్‌లో పెళ్ళిపత్రికలు, కరపత్రాలు చెయ్యాలంటే అను ఫాంట్లు (అచ్చుపనికి వాడే తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్) రావాలి. ఆఫీసు ఉత్తరాలకు, వెబ్‌సైట్లలో ఎక్కించడానికి యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా ఒకేలా కనిపించే అక్షరాలు) కావాలి. అనులో కొట్టినదాన్ని అలాగే తీసుకెళ్ళి పోర్టల్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, కన్వర్టర్‌లో మార్చుకోవాలి.

మొదటిసారి నేర్చుకునేవాళ్ళకు యూనికోడ్‌లో కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చెప్తాను. విండోస్‌లో తెలుగు భాష కలుపుకుంటే ఆ కీబోర్డు ఉచితంగానే వస్తుంది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎక్కువగా ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. వత్తు కావాలంటే మధ్యలో డి కీ నొక్కాలి. శ్రీకాకుళం అని కొట్టి చూడండి: షిఫ్ట్‌తో ఎం, తర్వాత డి, జె, ఆర్. అక్కడికి ‘శ్రీ’ అయింది. ఆపైన కె, ఇ, కె, జి, షిఫ్ట్‌తో ఎన్, చివర ఎక్స్. మొదట్లో చిరాకేస్తుంది, వదలకండి. రోజూ దినపత్రికలో ఒక వార్త తీసుకుని కొట్టండి.

ఇంగ్లీషు టైపింగ్‌కు సాంకేతిక విద్యా శిక్షణ మండలి పెట్టే పరీక్షలు రాయండి. లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45. కోర్టుల్లో టైపిస్టు పోస్టుకు హయ్యర్ అడుగుతారు. అందుకని లోయర్‌తో ఆగిపోకండి. ఇన్‌స్టిట్యూట్‌లో కీబోర్డు చూడకుండా కొట్టించడం లేదంటే అక్కడ ఫీజు కట్టకండి.

జీతం సంగతి

ఉన్నది ఉన్నట్టు చెప్తాను. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, విజయనగరంలో గంటస్తంభం దగ్గరైనా, జిరాక్స్, డీటీపీ షాపుల్లో కొత్తవాళ్ళకు ఎనిమిది, పది వేల మధ్యే ఇస్తున్నారని నా దగ్గరికొచ్చే పిల్లలు చెప్తారు. తక్కువే. కానీ ఆన్‌లైన్ దరఖాస్తులు, ఫొటో సైజు తగ్గించడం, సర్టిఫికెట్లు పీడీఎఫ్ చెయ్యడం, జనంతో ఓపికగా మాట్లాడటం అక్కడ వచ్చినంత వేగంగా ఇంకెక్కడా రాదు. ఒక ఏడాది చెయ్యండి, అక్కడే ఉండిపోకండి.

ప్రభుత్వ శాఖల్లో అవుట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటరుకు 2022 జనవరి ఉత్తర్వుల ప్రకారం నెలకు 18,500. అదంతా చేతికి రాదు. ఈపీఎఫ్ (భవిష్య నిధి) 15,000 మీద 12 శాతం లెక్కన కడితే 1,800, ఈఎస్‌ఐ (వైద్య బీమా) 0.75 శాతం అంటే 139, వృత్తి పన్ను 150 పోను 16,411 మిగులుతాయి. ఈఎస్‌ఐ కార్డు వచ్చిందా, పీఎఫ్ ఖాతాలో నెలనెలా పడుతోందా అన్నది మీరే చూసుకోవాలి. ఎవరో చూస్తారులే అనుకోవద్దు.

పైడిభీమవరం మందుల కంపెనీల్లో స్టోర్, ప్యాకింగ్, క్వాలిటీ విభాగాల్లో ఆపరేటర్లు ఉంటారు. అక్కడ రాసిన అంకెను కొట్టేసి మీద రాయడం, వెనక తేదీ వెయ్యడం పెద్ద తప్పు. షిఫ్టులుంటాయి, ఇంట్లో ముందే చెప్పుకోండి. పలాస జీడిపప్పు వ్యాపారుల దగ్గరా, రాజాం, బొబ్బిలి వైపు మిల్లుల్లోనూ టాలీ (ఖాతా లెక్కల సాఫ్ట్‌వేర్) వచ్చినవాళ్ళకు పని దొరుకుతుంది. జీఎస్‌టీలో నెలనెలా రిటర్ను వేసేవాళ్ళకు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు) తర్వాతి నెల 11లోపు, 3బి (పన్ను లెక్క) 20లోపు వెళ్ళాలి, సరుకు విలువ 50,000 దాటితే దాన్ని తరలించడానికి ఈ-వే బిల్లు కావాలి. ఈ మాత్రం తెలిసిన కుర్రాణ్ణి ఆడిటర్లు వదులుకోరు. ధాన్యం కొనుగోళ్ళ సీజన్లో తాత్కాలికంగా ఆపరేటర్లను తీసుకుంటారు, మండలంలో కనుక్కుంటూ ఉండండి.

పర్మినెంటు ఉద్యోగం కావాలంటే ఎస్‌ఎస్‌సీ (కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) పెట్టే సీహెచ్‌ఎస్‌ఎల్ పరీక్ష రాయండి. ఇంటర్ చాలు, వయసు 18 నుంచి 27, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు సడలింపు. ప్రశ్నపత్రం ఇప్పుడు తెలుగులోనూ ఇస్తున్నారు. డేటా ఎంట్రీ ఆపరేటరుకు మూల వేతనం 25,500 నుంచి మొదలు, డీఏ, ఇంటి అద్దె వేరే. గంటకు 8,000 కీలు కొట్టాలంటారు, భయపడకండి, నిమిషానికి సుమారు 27 పదాలే. పరీక్షలో 15 నిమిషాలు ఇస్తారు. కొన్ని శాఖలకు మాత్రం గంటకు 15,000 కావాలి, అది నిమిషానికి 50 పదాలు. అవుట్‌సోర్సింగ్ పని చేస్తూనే దీనికి చదివే పిల్లలంటే నాకు ఎంతో గౌరవం.

డబ్బు అడిగేవాళ్ళు

"ఇంట్లో కూర్చుని పేజీకి ఇంత, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే పెట్టెయ్యండి. కొందరు పని ఇచ్చినట్టే ఇచ్చి, తప్పులున్నాయని, కోర్టు నోటీసు అని బెదిరించి ఇంకా లాగుతారు. కట్టకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. పోస్టు ఇప్పిస్తానని లక్షలు అడిగే దళారులు కూడా మన జిల్లాలో తక్కువేం లేరు. అమ్మ మెడలోది తాకట్టు పెట్టి ఎవరికీ ఇవ్వొద్దు, దయచేసి.

ఫైలులో ఏముండాలి

జిల్లాలో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పోస్టుల నోటిఫికేషన్లు జిల్లా వెబ్‌సైట్లోనే వస్తాయి, గడువు చాలా తక్కువ ఇస్తారు. పదో తరగతి మెమో, డిగ్రీ మార్కుల జాబితాలు, కుల ధ్రువపత్రం, స్థానికత కోసం 4 నుంచి 10 వరకు స్టడీ సర్టిఫికెట్లు ముందే సిద్ధంగా ఉంచుకోండి. నోటిఫికేషన్ పడ్డాక బడికి పరిగెత్తితే హెడ్మాస్టరు గారు సెలవులో ఉంటారు. వైద్య ఆరోగ్య శాఖ నోటిఫికేషన్లలో చాలావాటికి రాతపరీక్ష ఉండదు. మార్కులకు 75, చదువు పూర్తయి గడిచిన ఏళ్ళకు 10 దాకా, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు 15 దాకా ఇస్తారు. ఆ సర్వీసులో ఆరు నెలలకు గిరిజన ప్రాంతమైతే 2.5, గ్రామీణమైతే 2, పట్టణమైతే 1. అంటే సీతంపేట ఏజెన్సీలో చేసిన ఏడాది, టౌన్లో చేసిన రెండేళ్ళకన్నా ఎక్కువ. దూరమని వదులుకునే ముందు ఈ లెక్క వేసుకోండి. ఆ సర్వీసు సర్టిఫికెట్ మీద చేరిన తేదీ, పోస్టు పేరు, పనిచేసిన ప్రాంతం, అధికారి సంతకం, ముద్ర ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదివి తెచ్చుకోండి. అధికారి బదిలీ అయ్యాక అడిగితే ఆ కాగితం దొరకడం చాలా కష్టం.