ఫౌండేషన్‌కి ఏ బ్రష్ కొనాలి?

ముందు మీ ఫౌండేషన్ ఏ రకమో చూస్కోండి. లిక్విడ్ అయినా క్రీమ్ అయినా సింథటిక్ బ్రషే తీస్కోండి, జంతువుల వెంట్రుకలతో చేసినవి తడి పీల్చేస్కుంటాయి కాబట్టి మీ ఫౌండేషన్ చాలావరకు బ్రష్‌లోనే ఉండిపోతుంది. పౌడర్ ఫౌండేషన్‌కైతే గుబురుగా మెత్తగా ఉండే పెద్ద బ్రష్ చాలు.

ఒక్కటే కొనాలంటే నా ఓటు ఫ్లాట్ టాప్ బఫింగ్ బ్రష్‌కే. దట్టంగా, పైన సమంగా కత్తిరించినట్టు ఉంటుంది. బఠాణీ గింజంత ఫౌండేషన్ చేతి వెనక వేస్కుని, బ్రష్ కొసలు మాత్రమే అద్ది, బుగ్గల మీద ముందు తట్టి, తర్వాత చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పుతూ చెవుల వైపు, దవడ కిందికి కలుపుకుంటూ పోండి. గట్టిగా రుద్దారంటే కింద రాసిన సన్‌స్క్రీన్ కూడా లేచొచ్చేస్తుంది, అస్సలొద్దు.

గోడకి రంగేసే బ్రష్‌లా పలకగా, చదునుగా ఉండే బ్రష్‌తో మొహమంతా రాస్తే గీతలు పడతాయి, నాకైతే అది ముక్కు మూలలకే బాగుంటుంది. నలుపు తెలుపు కుచ్చులుండే స్టిప్లింగ్ బ్రష్ పల్చగా వేస్తుంది, మే నెలలో విజయవాడ ఉక్కపోతకి మందంగా వేస్తే ప్యాచులు ప్యాచులుగా కరిగిపోతుంది కదా, అప్పుడిదే బెస్ట్.

షాపులో బుగ్గ మీద కాకుండా చేతి మీద నొక్కి చూడండి, గుచ్చుకున్నా వెంట్రుకలు ఊడినా వదిలేయండి. వారానికోసారి బేబీ షాంపూతో కడిగి పడుకోబెట్టి ఆరబెట్టండి, తడిగా ఉన్నప్పుడు నిలబెడితే నీళ్ళు లోపలికి దిగి జిగురు ఊడిపోతుంది.