పాలూరు కొండ ఎక్కి, చిత్తడి గట్ల మీదుగా తిరిగి రావడం ఎలా?

ఒడిశాలోని గంజాం జిల్లాలో చిలికా సరస్సు దక్షిణపు కొసన, పాలూరు కొండలకూ రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగకూ మధ్యన, కొండవాలు, కాలువ గట్టు, చిత్తడి నేల, ఉప్పు మడులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. బయలుదేరిన చోటికే తిరిగి చేరేలా 8 నుంచి 10 కిలోమీటర్ల చుట్టు నడక వేసుకోవడానికి బరంపురం చుట్టుపక్కల ఇంతకంటే అనువైన ప్రాంతం లేదని నా అభిప్రాయం. ఇది గుర్తులు పాతిన బాట కాదు. పశువుల దారులను, కాలువ గట్లను, పొలం గట్లను కలుపుకుంటూ ఎవరి చుట్టును వారే కూర్చుకోవాలి. రోజూ కాస్త నడిచే అలవాటున్నవారు అయిదారు గంటల్లో పూర్తిచేయగలరు. కొత్తవారు కొండను తలచుకుని జంకుతారు గాని, మెలకువ ఎక్కువ కావలసింది కింద ఉన్న చిత్తడిలోనే.

నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి నడిమి వరకు వెళ్లడం మంచిది. అక్టోబరు ఈ తీరానికి తుఫానుల నెల: 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాసకు దగ్గరలో తీరం దాటాయి. వానలకు నిండిన సరస్సు నీరు తగ్గడానికీ, గట్లకు పడిన గండ్లు పూడ్చడానికీ కొన్ని వారాలు పడుతుంది కనుక, వానలు ఆగాయి కదా అని వెంటనే బయలుదేరకూడదు. ఫోనులోని ఉపగ్రహ చిత్రాన్ని నమ్ముకునేవారు అది ఏ కాలంలో తీసినదో ఆలోచించాలి. మే నెల చిత్రంలో తెల్లగా ఎండి కనిపించే నేల డిసెంబరులో మోకాలి లోతు నీటిలో ఉండవచ్చు.

బరంపురం నుంచి గాని ఇచ్ఛాపురం నుంచి గాని వచ్చేవారు 16వ నంబరు జాతీయ రహదారి మీద గంజాం వైపు రావాలి. హౌరా–చెన్నై రైలు మార్గంలో గంజాం, హుమ్మ స్టేషన్లు ఉన్నాయి గాని, అక్కడ అన్ని రైళ్లూ ఆగవు. తీరంలోని మత్స్యకారుల పల్లెల్లో తెలుగుతోనే పని జరుగుతుంది. లోపలికి వెళ్లేకొద్దీ ఒడియా కావాలి. ఎవరినైనా దారి అడిగేటప్పుడు “ఇటు వెళ్లవచ్చా?” అని అడిగితే మర్యాదకు వెళ్లవచ్చనే అంటారు, “నిన్న ఈ గట్టు మీద పశువులు వెళ్లాయా?” అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. కొండ మీద రిజర్వు అటవీ భూమి ఉన్నచోట రేంజి కార్యాలయంలో ముందే అనుమతి అడగాలి. గంజాం కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి, అవి ఎక్కువగా మునిమాపు నుంచి తెల్లవారే దాకా తిరుగుతాయి కనుక, సూర్యోదయం అయ్యాకే, కనీసం ముగ్గురు కలిసి, మాట్లాడుకుంటూ ఎక్కాలి.

కొండను ముందు, చిత్తడిని తరువాత పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను. చల్లపూటే ఎక్కడం ముగుస్తుందన్నది ఒక కారణం. బురద అంటిన బూట్లతో రాతి మీద కాలు జారుతుందన్నది మరొకటి. అన్నిటికంటే ముఖ్యంగా, పైనుంచి చూస్తే ఏ గట్టు తెగకుండా సాగుతోందో, ఏది నీటిలో కలిసిపోతోందో స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ పావుగంట కూర్చుని, దిగాక పట్టుకోవలసిన గట్టును ఒక తాటిచెట్టుతోనో గుడి శిఖరంతోనో గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే కిందికి వచ్చాక రెల్లు తప్ప మరేమీ కనబడదు. దిగేటప్పుడు మొగలి పొదలను పట్టుకోకూడదు. ఆకు రెండు అంచులతో పాటు అడుగున నడి ఈనె వెంబడి కూడా కొక్కెం ముళ్లు ఉంటాయి. అత్తరు కోసం మొగలిపూలు కోసే ఈ జిల్లావారు కూడా వాటి దగ్గర జాగ్రత్తగానే చేయి పెడతారు.

చిత్తడిలో నేలను కళ్లతోనూ కర్రతోనూ చదవాలి. గరిక పరుచుకున్నచోట నేల సాధారణంగా కాలిని దిగబడనివ్వదు. తుంగ, జమ్ము గుబురుగా ఉన్నచోట అడుగున నీరుందని అనుకోవాలి. పైన బీటలు వేసి పెంకులా ఎండిన బురద అన్నిటికంటే మోసకారి: అంచున మునివేలితో ఒక పెంకు లేపి చూస్తే, కింద నల్లగా, తడిగా, కుళ్లువాసనతో మెత్తని బురద కనిపిస్తుంది. ఛాతీ ఎత్తు వెదురుకర్రను అడుగు వేయబోయే చోట గట్టిగా నొక్కాలి. జానెడు లోపు దిగితే నడవవచ్చు, మూరెడు దిగితే ఎంత దగ్గరి దారైనా వెనుదిరగాలి. కాలు కూరుకుపోతే పైకి లాగకుండా, కర్రను అడ్డంగా పరచి, దాని మీద బరువు వేసి, మడమను అటూ ఇటూ కదుపుతూ గాలి చొరనిచ్చి, నిదానంగా తీయాలి.

సరస్సును రుషికుల్య మొగతో కలిపే పాలూరు కాలువ గట్టు తిరుగు ప్రయాణానికి నమ్మకమైన ఆధారం, కానీ ఆ నీరు ఉప్పన కనుక తాగడానికి పనికిరాదు; ఒక్కొక్కరు 3 లీటర్ల మంచినీరు మోసుకెళ్లాలి. చోడి (రాగి) అంబలి, అరటిపళ్లు ఉంటే తిండికి చాలు. ఉప్పు మడుల మీదుగా వెళ్లవలసివస్తే పెద్ద గట్టునే పట్టుకోవాలి. మడి అడుగును మనుషులు తొక్కి చదును చేసి గట్టిపరుస్తారు. అక్కడ మన బూటు దిగితే వారి కూలి రోజు పాడైనట్లే. చేపల కోసం కట్టిన వలకట్లను తాకకూడదు. సూదితోక బాతులు, బాపన బాతులు మేస్తున్న గుంపు తలలు ఎత్తి నిలబడిందంటే మనం అప్పటికే దగ్గరికి వచ్చేశామని అర్థం. అక్కడే ఆగి, అవి మళ్లీ మేతకు దిగాక పక్కనుంచి సాగాలి.

రక్తపింజరి, నాగుపాము రెండూ ఈ నేలల్లో ఉంటాయి కనుక చీలమండ దాటే బూట్లు వేసుకోవాలి. కాటు పడితే కోయడం, కట్టడం, పీల్చడం చేయకుండా, కాలు కదలకుండా పట్టి, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. పెద్దాసుపత్రి బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాలది. ఉదయం 11 గంటలకు సగం చుట్టు దాటకపోతే మిగతాది వదిలి, వచ్చిన దారినే తిరిగి రావాలి. ఇల్లు చేరాక బూట్లను ఆ పూటే మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఉప్పు బురద ఎండితే కుట్లు తినేస్తుంది.