ల్యాండింగ్‌లో విమానం పక్కకు లాగుతుంటే ఏం చేయాలి

చక్రాలు రన్‌వేకి తగలగానే చాలామంది పైలట్లు హమ్మయ్య అనుకుని కాళ్లూ చేతులూ వదులు చేసేస్తారు. ముక్కు పక్కకు లాగడం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే, కానీ దానికి కారణం చాలాసార్లు కొన్ని సెకన్ల ముందు, ఇంకా గాల్లో ఉండగానే పడి ఉంటుంది.

అందుకే నేల తగిలేలోపు విమానం పక్కకు జరగకూడదు, ముక్కు రన్‌వే మధ్య గీత వెంటే ఉండాలి. క్రాస్‌విండ్ (రన్‌వేకి అడ్డంగా వీచే గాలి) ఉంటే గాలి వచ్చే వైపు రెక్కను అయిలరాన్‌తో (రెక్క చివర వెనక అంచున కదిలే పలక) కాస్త దించి, అవతలి వైపు రడ్డర్ (కాలి పెడల్స్‌తో కదిలే తోక మీది నిలువు పలక) నొక్కి ముక్కును గీత మీద నిలపండి. గాలి వైపు చక్రం ముందు తగులుతుంది, తగలనివ్వండి, అదే కావాలి. చూపు రన్‌వే చివరన ఉండాలి. ముక్కు కిందున్న నేలను చూస్తూ కూర్చుంటే పక్కకు జరుగుతున్నట్టే తెలియదు.

గాలి లెక్క కూడా ముందే వేసుకోండి: రన్‌వేకి 30 డిగ్రీల కోణంలో వస్తే దాని వేగంలో సగం, 45 అయితే సుమారు 70 శాతం, 60 దాటితే దాదాపు మొత్తం అడ్డంగా తగులుతున్నట్టే.

దిగాక అయిలరాన్ వదలొద్దు. వేగం తగ్గేకొద్దీ దాని పట్టు తగ్గుతుంది కాబట్టి గాలి వైపు ఇంకా ఇంకా తిప్పుతూ పోవాలి, చివరికి పూర్తిగా. రడ్డర్ మాత్రం చిన్నగా, త్వరగా: నొక్కడం, వదలడం. ముక్కు చక్రం పెడల్స్‌తో కలిసి తిరిగే విమానాల్లో, రడ్డర్ నొక్కి ఉండగానే ఆ చక్రం నేల తాకితే ఒక్కసారిగా గుంజుతుంది, అందుకని తాకే ముందు పెడల్స్ మధ్యకు తెచ్చుకోండి. మడమలు కాక్‌పిట్ నేల మీదే ఉంచండి, లేదంటే కంగారులో తెలియకుండానే బ్రేక్ పడుతుంది.

ఎక్కువ వేగంతో వచ్చి, ఎలాగైనా దించాలని యోక్ (స్టీరింగ్ లాంటి చేతి కంట్రోల్) ముందుకు తోయడం ఇంకో జబ్బు. బరువంతా ముక్కు చక్రం మీద పడి, వెనక చక్రాలు తేలికై, విమానం ముక్కు చక్రం మీదే పక్కకు తిరిగిపోతుంది. థ్రాటిల్ (ఇంజిన్ పవర్ లివర్) మూసి యోక్ మెల్లగా వెనక్కి తీసుకోండి.

టెయిల్‌వీల్ విమానాలది, అంటే ముక్కు కింద కాకుండా తోక కింద చిన్న చక్రం ఉన్నవాటిది, వేరే కథ. బరువు ప్రధాన చక్రాలకు వెనక ఉంటుంది కాబట్టి, తోక కొంచెం పక్కకు జరిగిందంటే ఆ బరువే దాన్ని ఇంకా తోసి గ్రౌండ్ లూప్‌కి (నేల మీదే విమానం గిర్రున తిరిగిపోవడం) తీసుకెళ్తుంది. తోక చక్రం నేల మీద ఉన్నాక స్టిక్ (యోక్ బదులు ఉండే కర్ర లాంటి కంట్రోల్) పూర్తిగా వెనక్కి పట్టండి, ముక్కు కదిలినట్టు అనిపించగానే రడ్డర్ వేయండి, కదలడం కళ్లారా చూశాక వేస్తే ఆలస్యమే.

గో అరౌండ్ (ల్యాండింగ్ మానేసి మళ్లీ పైకి లేవడం) చేయాలంటే విమానం ఇంకా తిన్నగా, వేగంతో ఉన్నప్పుడే చేయాలి. ఫుల్ థ్రాటిల్ ఇవ్వగానే చాలా సింగిల్ ఇంజిన్ విమానాల్లో ముక్కు ఎడమకు పోతుంది, కుడి రడ్డర్ సిద్ధంగా ఉంచుకోండి. అప్పటికే రన్‌వే అంచు వైపు దూసుకుపోతుంటే మాత్రం పవర్ ఇవ్వొద్దు, థ్రాటిల్ మూసి, ఆపగలిగినంత ఆపుతూ గడ్డిలోకైనా పోనివ్వండి. సగం వేగంతో అడ్డంగా లేవబోవడం కన్నా అది వందరెట్లు నయం.