గనుల ఒప్పందంలో దేశానికి మిగిలేదెంతో తేల్చడం ఎలా

ముందుగా ఎగుమతుల లెక్క తీయండి. సరుకుల ఎగుమతి రాబడిలో 60 శాతం మించి ముడిసరుకుల నుంచే వస్తే, ఆ దేశం వాటి మీద ఆధారపడినట్టేనని ఐక్యరాజ్యసమితి సంస్థ అంక్టాడ్ కొలమానం. జాంబియాకు ఒక్క రాగే ఆ గీత దాటించేస్తుంది. అలాంటి చోట గని మూతపడుతుందంటే కంపెనీకన్నా ప్రభుత్వానికే గుబులు ఎక్కువ. బేరం అక్కడే కంపెనీ వైపు వంగుతుంది.

ఇక ఒప్పంద పత్రం. చాలామంది రాయల్టీ (తవ్విన ఖనిజం విలువలో ప్రభుత్వానికి కట్టే వాటా) శాతం చూసి మూసేస్తారు. చూడాల్సింది ఆ శాతాన్ని దేని మీద కడుతున్నారన్నది. 100 టన్నుల రాగి కాన్సంట్రేట్‌లో (మట్టి, రాయి చాలావరకు తీసేసిన ఖనిజపు పొడి) 28 శాతం లోహం, టన్ను రాగి 9,000 డాలర్లు అనుకోండి. విలువ 2,52,000 డాలర్లు, 5 శాతం రాయల్టీ 12,600. రవాణా, శుద్ధి ఖర్చుల కింద 52,000 తీసేయనిస్తే అది 10,000కు దిగుతుంది. పైగా సొంత గ్రూపు కంపెనీకే 10 శాతం తక్కువకు అమ్మితే 8,740. కాగితం మీద మాత్రం 5 శాతం అలాగే ఉంటుంది!

కాబట్టి ధర నిర్వచనంలో లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ లాంటి బహిరంగ ధర, అది ఏ నెల సగటో స్పష్టంగా ఉండాలి. రాగితోపాటు వచ్చే బంగారం, వెండిని లెక్కలోకి తెచ్చారా, నమూనాలు ఎవరి ల్యాబ్‌లో పరీక్షిస్తారు అన్నవీ చూడండి. ఇది ఊహాజనిత భయం కాదు: అప్పట్లో గ్లెన్‌కోర్ అనే బహుళజాతి కంపెనీ అధీనంలో ఉన్న మోపానీ గని సొంత గ్రూపుకు తక్కువ ధరకు రాగి అమ్మిన కేసులో జాంబియా సుప్రీంకోర్టు 2020లో పన్ను శాఖ పక్షాన తీర్పిచ్చింది.

ప్రభుత్వ వాటా ఉంటే, అది ఉచితమా అప్పా అని అడగండి. ఒయు టోల్గోయ్ రాగి గనిలో మంగోలియాకు 34 శాతం ఉంది. దాని పెట్టుబడిని కంపెనీయే వడ్డీకి సర్దింది. బాకీ 200 కోట్ల డాలర్లు దాటాక, 2022లో రద్దు చేయించుకోవాల్సి వచ్చింది.

చివర్లో ఉండే స్థిరీకరణ నిబంధనను తప్పక చదవండి. పన్నులు ఇన్నేళ్లు మార్చబోమన్న హామీ అది. జాంబియా పాత ఒప్పందాల్లో రాయల్టీ 0.6 శాతమే; రాగి ధర ఎగసినా 2008లో చట్టం తెచ్చేదాకా అది కదల్లేదు. ఆ పక్కనే వివాదం ఏ మధ్యవర్తి ముందుకు వెళ్తుందో రాసి ఉంటుంది. రెకో డిక్ రాగి, బంగారు గని లీజు నిరాకరించిన పాకిస్తాన్‌పై 2019లో 580 కోట్ల డాలర్లకు పైగా పరిహారం పడింది. పన్ను పెంచే ముందు న్యాయవాదులతో లెక్కగట్టించాల్సిన ఖర్చు ఇదే.