ఏసీ వేస్తే ఆగిపోయే కారు: థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాక కుదుటపడింది

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో నెమ్మదించగానే ఇంజిన్ వణకడం, ఏసీ వేసి ఉంటే ఏకంగా ఆగిపోవడం: ఇదీ నా పాత పెట్రోలు కారు జబ్బు. స్పార్క్ ప్లగ్గులు మార్చాను, ఎయిర్ ఫిల్టర్ మార్చాను, చివరికి పెట్రోలు బంకు కూడా మార్చాను, ఫలితం సున్నా.

పనిచేసింది ఇది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాను. ఫిల్టర్ పెట్టె నుంచి వచ్చే రబ్బరు గొట్టం క్లిప్పు వదులు చేసి పక్కకు తీస్తే లోపల థ్రాటిల్ బాడీ, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం, దాని మధ్యలో గుండ్రటి రేకు కనిపించాయి. రేకు అంచు చుట్టూ వేలికి అంటుకునే నల్లటి జిడ్డు. ఇంజిన్ నుంచి వచ్చే నూనె ఆవిరి అలా పేరుకుని, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, గాలి వెళ్లే సన్నని సందును పూడ్చేస్తుంది.

థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను లోపలికి కొట్టకుండా, పోగులు రాలని గుడ్డ మీద చల్లి ఓపిగ్గా తుడిచాను. కార్బురేటర్ క్లీనర్ వాడకండి, కొన్ని బండ్లలో లోపలి పూత పోతుంది. ఎలక్ట్రానిక్ రకమైతే రేకును వేలితో బలంగా నెట్టవద్దు, పళ్లచక్రాలు దెబ్బతినవచ్చు. గాలి కొలిచే సెన్సర్ జోలికి పోలేదు. దాని ద్రావకం వేరు.

అన్నీ బిగించి, ఏసీ వేయకుండా ఇంజిన్ వేడెక్కేదాకా ఐడిల్‌లో ఉంచాను. మొదట వేగంగా తిరిగినా తర్వాత కుదురుకుంది. కొన్ని కార్లకు స్కానర్‌తో ఐడిల్ సరిచేయాల్సి ఉంటుంది. గొట్టం చీలినా ఇవే లక్షణాలు కాబట్టి మీ బండికీ ఇదే మందని చెప్పలేను. ముందు గొట్టం మడతలు విప్పి చూడండి.